కోర్సికా ఏటిలో రెండు జాతుల పురుగు

ఫ్రాన్స్ ఏలుబడిలోని కోర్సికా దీవిలో కావూ అనే చిన్న ఏరుంది. 2011-13 మధ్య అందులో ఈదిన వందమందికి పైగా షిస్టోసోమియాసిస్ సోకినట్టు తేలింది. బిల్హార్జియా అని పాత పేరున్న ఈ జబ్బు ఎక్కువగా ఆఫ్రికాలో కనిపిస్తుంది. పరాన్నజీవి జన్యువులను చదివితే దాదాపు 77 శాతం మనిషిని ఆశ్రయించే షిస్టోసోమా హెమటోబియానివి, తక్కినవి పశువుల జాతి బోవిస్‌వి. వాటి మూలం సెనెగల్ వైపని తేలింది. మనుషుల పురుగు వేరు, పశువుల పురుగు వేరు అనుకుని వేసుకునే నివారణ పథకాలు సరిపోవని నేననడానికి ఇదే మొదటి ఆధారం.

ఈ పురుగు బతుకు చూడండి. మూత్రంతో బయటపడ్డ గుడ్డుకు ఒక కొసన చిన్న ముల్లు. నీళ్లలో పొదిగి వచ్చిన పిల్ల గంటల్లోగా తనకు సరిపడే నత్తను పట్టుకోవాలి, లేకుంటే చచ్చిపోతుంది. నత్త ఒంట్లో వేల సంఖ్యకు పెరిగి, చీలిన తోకలతో బయటికొచ్చి, నీళ్లలో దిగినవారి చర్మాన్ని తొలుస్తుంది. పెద్దయ్యాక మగది తన ఒంటిని దోనెలా మడిచి ఆడదాన్ని అందులో పొదువుకుంటుంది. సంకరం జరిగేది ఇక్కడ, రక్తనాళాల్లో. నత్తలో కాదు. అయితే ఆ సంతానం ఏ చెరువులో నిలదొక్కుకోగలదో తేల్చేది మాత్రం నత్తే. కామెరూన్‌లోని లూమ్ పట్టణం ఇందుకు సాక్ష్యం. 1968లో అక్కడున్నది పేగుల జబ్బు తెచ్చే జాతి ఒక్కటే. అడవి నరికాక మరో రకం నత్త, దాని వెంట హెమటోబియం వచ్చాయి. ఆ రెండు పురుగు జాతులూ కలిసి పుట్టిన సంకరాలు రెండు రకాల నత్తల్లోనూ పెరగగలిగాయి. కొన్ని దశాబ్దాల్లో పాత జాతిని హెమటోబియం దాదాపు తుడిచిపెట్టింది.

ఈ సంకరం పాత సంగతేననే వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. నైజర్ పురుగుల మీద 2019లో వచ్చిన జన్యు పరిశోధనలో హెమటోబియం, బోవిస్‌ల కలయిక వందల తరాల నాటిదని తేలింది, అప్పుడే పుట్టిన సంకరాలు దొరకలేదు. నిజమే. కానీ బోవిస్ నుంచి వచ్చిన ఒక జన్యువు ఇన్ని తరాలుగా చెక్కుచెదరకుండా ఎందుకు వ్యాపించింది? పురుగుకు లాభం లేకుంటే అలా నిలవదు. అంటే అరుదైన కలయిక ఒక్కటి చాలు, ఫలితం శతాబ్దాలు నిలుస్తుంది. ప్రాజిక్వాంటెల్ ఉందిగా అనేవారికీ జవాబుంది. ఆ మందు ఒంట్లోని పెద్ద పురుగులను చంపుతుంది. మందు మింగిన పిల్లవాడు మళ్లీ అదే రేవులో దిగితే మళ్లీ సోకుతుంది. కోర్సికాలో వ్యాధి ఉన్న పశువు ఒక్కటీ దొరకలేదు కనుక అన్నిచోట్లా పశువులదే తప్పనడం పొరపాటు. ఒక్కో రేవులో మనిషినీ, పశువునూ, నత్తనూ కలిపి పరీక్షించాకే పథకం వెయ్యాలి.

ఈ జాగ్రత్త మనకూ అవసరమే: మన చెరువుల్లో కనిపించే ఇండోప్లానార్బిస్ నత్త ఒక్కటే పశువులకు గురక వ్యాధి తెచ్చే షిస్టోసోమా నాసేల్‌కూ, స్పిండేల్‌కూ, ఇండికమ్‌కూ ఇల్లు.