గొలుసుకట్టు చెవులు
— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం

రఘునాథపల్లిలో మా బాయికాడ నాయిన పాత ట్రాన్సిస్టర్ వింటుంటాడు. మోటరు స్టార్టరు నొక్కితే చాలు, రేడియో గరగరమంటుంది. స్టార్టరులో మెరిసే నిప్పురవ్వ వెలుగునే కాక, కంటికి కనబడని రేడియో తరంగాలనూ విరజిమ్మడమే అందుకు కారణం. అటువంటి తరంగాలు ఆకాశం నుండీ వస్తాయి. టెలిఫోను మాటలకు అడ్డుపడే గరగర ఎక్కడిదని వెతికిన అమెరికా ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ, అందులో కొంత పాలపుంత నుండి వస్తున్నదని 1933లో ప్రకటించాడు.

అయితే ఆ ధ్వని అతి సన్ననిది. దాన్ని పట్టాలంటే విశాలమైన పళ్లెం కావాలి. పైగా హైడ్రోజన్ పరమాణువు పంపే తరంగం పొడవు 21 సెంటీమీటర్లు. తరంగం ఎంత పొడవైతే, స్పష్టమైన చిత్రానికి పళ్లెం అంత వెడల్పు ఉండాలి. కిలోమీటర్ల వెడల్పు పళ్లెం ఎవరు కట్టగలరు?

మన ఓరుగల్లు నేలలో కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టించారు కదా! ఇక్కడా అదే ఉపాయం. దూరదూరంగా చిన్న పళ్లేలు పెడతారు. ఒకే తరంగం ఒక్కోదానికి ఒక్కో క్షణాన చేరుతుంది. ఆ తేడాను కంప్యూటరు సరిచేసి అన్నింటినీ కలిపితే, ఈ చివరి పళ్లెం నుండి ఆ చివరి పళ్లెం దాకా ఉన్న దూరమే ఒకే పళ్లెం వెడల్పుగా పనిచేస్తుంది.

పూణే జిల్లా ఖోడద్‌లో ప్రొఫెసర్ గోవింద్ స్వరూప్ నాయకత్వాన మనవాళ్లు ఇలాగే 45 మీటర్ల పళ్లేలు 30 నిలబెట్టారు. అవి రేకు పళ్లేలు కావు, తీగల జల్లెళ్లు. రంధ్రాలు తరంగం కంటే చాలా చిన్నవి గనుక తరంగం జారిపోదు, గాలి మాత్రం దాటిపోతుంది. అందువల్ల బరువూ, ఖర్చూ తగ్గాయి.

ఇప్పుడు అనేక దేశాలు కలిసి 'స్క్వేర్ కిలోమీటర్ అర్రే' కడుతున్నాయి. చదరపు కిలోమీటరు, అంటే సుమారు 247 ఎకరాల మేర తరంగాలు పట్టాలన్న ఆశయంతో పెట్టిన పేరది. 2022 డిసెంబరులో నిర్మాణం మొదలైంది. దక్షిణాఫ్రికాలో 197 పళ్లేలు, ఆస్ట్రేలియాలో 1,31,072 ఆంటెన్నాలు రానున్నాయి. స్టార్టర్లూ, సెల్‌ఫోన్లూ లేని నిశ్శబ్దం కోసమే ఆ నిర్జన ప్రదేశాలు. తొలి నక్షత్రాలు వెలిగిన కాలంనాటి హైడ్రోజన్ తరంగాలు, విశ్వం విస్తరించిన కొద్దీ సాగి మీటర్ల పొడవై వస్తున్నాయి. వాటిని వినడం ఒక ముఖ్య లక్ష్యం. 2024లో మన దేశమూ సభ్యదేశంగా చేరింది. మన వాటా 1,250 కోట్ల రూపాయలు.

ఈ సంగతి చెబితే నాయిన, "గా చుక్కల ముచ్చట ఇంటే మన బాయిల నీళ్లూరుతయా బిడ్డా?" అన్నాడు. ఊరవు. అప్పు చేసి నన్ను చదివించే మనిషికి ఏం జవాబు చెప్పను? "నీళ్లూరవు నాయినా. కానీ మన ఒంట్లోని నీళ్లల్ల ఉన్న హైడ్రోజన్ విశ్వం పుట్టినప్పటిది. దాని కథ ఇంటున్నరు" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి మోటరు బంద్ చేసి, "ఇగ ఇను" అన్నాడు.

మిత్రులారా, ఆ పళ్లేల ముందు కూర్చొని వినే వారిలో మన కళాశాల విద్యార్థి ఒక్కరైనా ఉండాలని నా కోరిక.