కర్నూలు సీమ గుహలు: అన్వేషణము, నామకరణము

భూతత్త్వ పరిశోధకులు కొండల చెంతను, గుహల చెంతను డేరాలు వేసికొని కొన్నాళ్లు నిలుతురు. కొలతలు తీయుదురు, మన్ను త్రవ్వుదురు, పటములు వ్రాయుదురు. ఈ పనులతోపాటు వారు చేయు పని మఱియొకటి కలదు. అది పేరు పెట్టుట. చోటునకు పేరు లేనిదే అచ్చటి కొలతను గుర్తించుటకు వీలుపడదు. ఇట్లు పెట్టిన పేరు నివేదికలో అచ్చుపడి నిలుచును. ఊరివారి నోటనున్న పేరు గ్రంథస్థము కానిచో నశించును. భాషాశాస్త్రజ్ఞులు గమనింపవలసిన ఈ విషయమునకు కర్నూలు సీమలోని రెండు గుహాసముదాయములు చక్కని నిదర్శనములు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనమున రెండును నంద్యాల జిల్లాలో చేరినవి.

మొదటిది బేతంచెర్ల చెంతనున్నది. 1844లో న్యూబోల్డు ఈ సున్నపురాతి గుహలను గూర్చి ప్రకటించెను. 1880 దశకమున భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖకు చెందిన రాబర్టు బ్రూస్ ఫుట్, సైనికోద్యోగియైన ఆయన కుమారుడు హెన్రీ అచ్చట త్రవ్వకములు జరిపిరి. లభించిన ఎముకలను లైడెకరు పరీక్షించి 1886లో వివరించెను. తరువాతి పరిశోధకులు ఆ తావులనే మరల శోధించిరి. అచ్చట గుర్తింపబడిన 21 క్షీరద జాతులలో 20 కనీసము లక్ష యేండ్లనుండి నేటివఱకు ఈ ఉపఖండమున కొనసాగుచున్నవని 2014లో వెల్లడియైనది.

ఆంగ్ల నివేదికలలో ఈ గుహల పేర్లు చార్నెల్ హౌస్, కెథీడ్రల్, చాప్టర్ హౌస్, పర్గెటరీ. చార్నెల్ హౌస్ అనగా అస్థులు దాచు గృహము. కెథీడ్రల్ క్రైస్తవుల పీఠాలయము. చాప్టర్ హౌస్ ఆ ఆలయపు మతాధికారులు కూడు మందిరము. పర్గెటరీ మరణానంతరము ఆత్మ శుద్ధినొందు చోటు. ఎముకలు దొరకుటచే మొదటి పేరు కొంత సార్థకము. తక్కినవి చూచినవారి దేశమునుండి వెంట వచ్చినవి.

సముదాయము పేరు మాత్రము స్థానికమే. ఆంగ్ల లిపిలో ‘బిల్లసర్గం’ అని వ్రాయబడినదానిని నేడు తెలుగున ‘బిల్వస్వర్గం’ అని వ్రాయుచున్నారు. మొదటి రూపము సొరంగమును స్ఫురింపజేయును; రెండవది స్వర్గమును చూపును. ఏది మూలమో వ్రాతను మాత్రమే చూచి తేల్చుట తగదు. ఆ ప్రాంతపు పలుకుబడిని వినవలెను.

రెండవది కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహ. 1884లో ఫుట్ దీనిని పేర్కొనెను. దాదాపు నూఱేండ్ల తరువాత, 1982–84 నడుమ, డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మను బృందము లోపలి దారులను సవిస్తరముగ శోధించెను. గుహ పొడవు 3,229 మీటర్లు. 2002 నుండి సందర్శకులకు ప్రవేశము కల్గినది. ఇచ్చటి పేర్లు వేఱొక లోకమునకు చెందినవి: కోటిలింగాలు, వేయిపడగలు, సప్తస్వరాలు, పాతాళగంగ. ఒక భాగము గెబౌరు పేరను కూడ వ్యవహరింపబడుచున్నది.

వ్రేలాడు సున్నపుశిలలయందు లింగములను చూచిన దృష్టియు, రాతికప్పునందు కెథీడ్రలును చూచిన దృష్టియు ఒక్క తీరువే. ఎఱుగని దానిని ఎఱిగిన దానితో పోల్చి పిలుచుట మనుష్య స్వభావము. కావున ఒక పేరును నిందించి మఱియొక దానిని పొగడుట పరిశోధన కానేరదు. ఏ పేరు ఎవరిది, ఎప్పటిది, ఏది సందర్శకుల రాకతో పుట్టినది, ఏది అంతకు పూర్వమే యున్నది అని వేఱుపఱుచుటయే కర్తవ్యము.

ఇట్టి యాత్రలకు బయలుదేరు బృందమునందు భాష నెఱిగినవా రొకరైనను ఉండుట యవసరము. ఆ ప్రాంతమున నాపరాయి తీయు పనివారును, గొఱ్ఱెల కాపరులును రాతి పొరకు, నెఱ్ఱెకు, ఊటకు, బిలమునకు ఏయే మాటలు వాడుదురో బస చేసిన నాళ్లలోనే అడిగి, ఉచ్చారణతో సహా వ్రాసికొనవలెను. ఎముక గుహ మన్నులో లక్ష యేండ్లు నిలిచినది. మాటకు అట్టి రక్షణము లేదు. పలుకువారితోనే అది పోవును.