ఖాలీన్ కొంటున్నారా? ముందు పోగు ఏదో అడగండి

వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని గల్లీ అరుదు. సెలవు మీద వచ్చేటప్పుడు దుప్పట్లు, అత్తరు, ఖజూర్‌తో పాటు ఒక ఖాలీన్ కూడా చుట్టి తెచ్చేవాళ్లు ఉంటారు. మొదటి వారం హాలంతా కళకళలాడుతుంది. రంజాన్ వచ్చేసరికి దాని మీద షర్బత్ ఒలుకుతుంది, పసిపిల్ల మూత్రం పోస్తుంది, మెహమాన్ల కోసం పరిచిన దస్తర్‌ఖాన్ అంచు దాటి దాల్చా జారుతుంది. కడిగి స్లాబ్ మీద వేస్తే రెండు మూడు రోజులైనా లోపలి తడి ఆరదు, ముక్కవాసన మొదలవుతుంది. చివరికి ఖరీదైన ఆ ఖాలీన్ చుట్టచుట్టి మంచం కిందికి పోతుంది.

ఏసీ గదికి, పొడి గాలికి నప్పే పోగు వేరు. ఫ్యాన్ గాలి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తేమ, నలుగురు పిల్లలు, నేల మీదే భోజనం, అక్కడే నమాజ్ ఉండే ఇంటికి కావలసిన పోగు వేరు. దుకాణంలో అందరూ చేత్తో నిమిరి మెత్తదనం చూస్తారు, డిజైన్ చూస్తారు. ఇది తడిస్తే ఏమవుతుంది, ఎంతసేపట్లో ఆరుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. కొనేది మగవాళ్లు, తడిసిన బరువును మెట్లెక్కించి ఆరేసేది ఆడవాళ్లు కావడం దీనికి ఒక కారణం కావచ్చు. ఉతికేవాళ్లను కూడా దుకాణానికి తీసుకెళ్తే సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి.

ఉన్ని మంచిదే, కానీ...

ఉన్ని ఖాలీన్‌కు పేరు ఊరికే రాలేదు. ఏలూరులో ముస్లిం నేతగాళ్లు తరతరాలుగా నేసిన తివాచీలు ఉన్నివే. వాళ్ల పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని చెబుతారు. ఉన్ని పోగు కాలి కింద అణిగినా మళ్లీ లేస్తుంది. నిప్పు రవ్వ పడితే తొందరగా అంటుకోదు. జుమేరాత్ సాయంత్రం లోబాన్ వేసే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ప్లాస్టిక్ పోగుల మీద అదే బొగ్గు పడితే కరిగి గుంట పడుతుంది.

చిక్కల్లా తేమతోనే. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు. ఆరిందనుకుని పరుస్తారు, లోపల తడి ఉండనే ఉంటుంది. పైగా వానాకాలం చుట్టి పెడితే పురుగు పడుతుంది. మరక పోవాలని బ్లీచింగ్ పోస్తే మరకతో పాటు పోగు కూడా కరిగిపోతుంది. పిల్లలు తినని, నీళ్లు రాని గదిలో వేసుకునే స్తోమత ఉంటే ఉన్నికి మించింది లేదు. అందరూ తిరిగే హాలుకు మాత్రం అది భారమే.

ప్లాస్టిక్ పోగుల సంగతి

బజారులో 'మెషీన్ మేడ్' అని చూపించేవాటిలో పాలీప్రొపిలీన్ చాలా కనిపిస్తుంది. పేరు కొత్తగా ఉన్నా వస్తువు పాతదే. యూరియా సంచులు, ప్లాస్టిక్ చాపలు దీనితోనే చేస్తారు. ఇది నీటిని దాదాపు పీల్చుకోదు. రంగును దారం తీసేటప్పుడే లోపల కలుపుతారు కాబట్టి ఉతికినా వెలవదు. చాయ్, షర్బత్, మూత్రం లాంటి నీటి మరకలు తేలిగ్గా పోతాయి.

నూనె దగ్గర మాత్రం దీని కథ తిరగబడుతుంది. బిర్యానీ నెయ్యి, సాలన్ నూనె ఈ పోగును పట్టుకుని వదలవు, వాటి మీద దుమ్ము చేరి నల్లటి మచ్చ అవుతుంది. సోఫా కాళ్ల కింద అణిగితే మళ్లీ లేవదు. బీరువాను దాని మీదుగా ఈడిస్తే రాపిడి వేడికే గీత పడవచ్చు. వారాల తరబడి ఎండలో వదిలేస్తే పెళుసవుతుంది. ఆరగానే లోపలికి తెచ్చుకోవాలి.

పాలిస్టర్ గురించి సిరిసిల్ల మరమగ్గాల పక్కన ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? చీర తొందరగా ఆరినట్టే ఖాలీన్ పోగూ తొందరగా ఆరుతుంది. మెత్తగా ఉంటుంది, రంగు నిలుస్తుంది. నూనె మరక, అణిగిపోవడం ఇక్కడా ఉన్నాయి. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన నైలాన్ ఈ మూడింటిలో గట్టిది. ఎంత తొక్కినా లేస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. అయితే హల్దీ, రంగు షర్బత్ మరకలు దీనికి తేలిగ్గా అంటుకుంటాయి.

'ఆర్ట్ సిల్క్', 'బాంబూ సిల్క్' అని మెరిసేవి చూపిస్తే జాగ్రత్త. అవి చాలావరకు విస్కోస్. తడిస్తే ఆ పోగు బలం సగానికి పడిపోతుంది, నీళ్లు పడ్డచోట పసుపు మచ్చ మిగులుతుంది. పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. జనపనారదీ అదే దారి. తడిస్తే గోధుమరంగు మచ్చ, తర్వాత బూజు.

జంపఖానాను మరిచిపోయారు

మన దగ్గర్లోనే దొరికేదాన్ని మనమే చిన్నచూపు చూస్తున్నాం. వరంగల్ కొత్తవాడ నేతగాళ్లు నేసే నూలు జంపఖానాలకు, అంటే వరంగల్ దరీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు చాలా ముందే, 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలను ఉంచారు. నూలు పోగు తడిస్తే బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది. జంపఖానాకు కుచ్చు ఉండదు, వెనక జిగురు పొర ఉండదు, కాబట్టి రెండువైపులా కడగొచ్చు, దండెం మీద ఆరేయొచ్చు. ఎండ బాగుంటే సాయంత్రానికి ఆరిపోతుంది. మరక పీల్చుకుంటుందన్నది నిజమే, కానీ ఉతకడానికి భయపడనక్కర్లేదు. కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో మిగతా బట్టలకూ అంటుతుంది.

కుచ్చు ఖాలీనే కావాలంటే వెనక్కి తిప్పి చూడాలి. పైన పాలీప్రొపిలీన్ ఉన్నా అడుగున జనపనార, జిగురు ఉంటే నీళ్లు అక్కడే నిలుస్తాయి. ఆ జిగురు మన ఎండలకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలుతుంది కూడా.

ఉబ్బసం ఉన్న పిల్లలుంటే గది మొత్తం అతికించే కార్పెట్ జోలికి పోకపోవడం మంచిది. దుమ్ములో బతికే సూక్ష్మ పురుగులకు తేమ ఇష్టం. ఎత్తి దులిపి కడగగలిగిన చిన్న ముక్కలే అలాంటి ఇంటికి నయం.

పాక్ చేయడం విషయంలోనూ ఇదే లెక్క. పిండడానికి వీలుకాని వస్తువుకు నజాసత్ అంటితే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ నీటి బొట్లు ఆగేదాకా వదలాలని హనఫీ ఉలమా చెబుతారు. మందపాటి ఉన్ని ఖాలీన్‌కు ఇది ఒక రోజు పని, జంపఖానాకు అరగంట. మీ ఇంట్లో పడిన మస్లా ఏదైనా ఉంటే స్థానిక మౌలానాను అడగాలి. మసీదులో పరిచిన మెత్తటి ఖాలీన్ చూసి ఇంటికీ అలాంటిదే కావాలనుకునేవాళ్లు, అక్కడ ఎవరూ రోజూ మూడు పూటలా పళ్లేలు పెట్టుకుని తినరని గుర్తుంచుకోవాలి.

దుకాణదారు చెప్పిన పేరు మీద అనుమానం ఉంటే అంచు నుంచి రెండు పోగులు అడిగి తెచ్చుకోండి. పిల్లలకు దూరంగా, పట్టకారుతో పట్టుకుని కాల్చాలి. వెంట్రుక కాలిన వాసన వస్తే ఉన్ని. కాగితం వాసన వచ్చి బూడిద రాలితే నూలు, కానీ విస్కోస్ కూడా ఇలాగే కాలుతుంది కాబట్టి మెరుపు చూసి అనుమానించాలి. కరిగి గట్టి పూసలా అయితే ప్లాస్టిక్ పోగు. అందులో పాలీప్రొపిలీన్ ఏదో తేల్చడం ఇంకా తేలిక. గ్లాసు నీళ్లలో వేసి వేలితో ముంచితే అది మళ్లీ పైకి తేలుతుంది, నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి.

ఇక హల్దీ మరక. సబ్బు పెట్టగానే ఎర్రగా మారితే భయపడొద్దు, సబ్బులోని క్షారానికి పసుపు అలా రంగు మారుతుంది. ముందు పొడి శనగపిండి చల్లి నూనె పీల్చనివ్వాలి, దులిపి సబ్బునీళ్లతో అద్ది కడగాలి, రుద్దకూడదు. మిగిలిన పసుపు ఛాయను ఎండకు వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు వెలిసిపోతుంది.