మీకు తెలుసా? కోరిక తీర్చే బొమ్మకు నరబలి!

కోరింది ఇస్తుంది, ప్రాణం తీస్తుంది. ఇలాంటి తాయెత్తు కథల్లో ప్రపంచమంతా ఎరిగినది ఆంగ్ల రచయిత డబ్ల్యూ.డబ్ల్యూ. జాకబ్స్ 1902లో రాసిన ‘ది మంకీస్ పా’. ఎండిన కోతి పంజా మూడు కోరికలు తీరుస్తుంది. తండ్రి 200 పౌండ్లు కోరాడు. డబ్బు వచ్చింది, యంత్రంలో పడి చనిపోయిన కొడుకుకు పరిహారంగా! ఆ పంజాకు మంత్రం వేసింది మన దేశపు ఫకీరేనట. అప్పటి ఇంగ్లీషు కథల్లో మాయలూ మంత్రాలూ అంటే ఇండియానే మరి!

మన తెలుగులో అలాంటిది ‘పాతాళ భైరవి’ (1951) సినిమాలోని బొమ్మ. తెనాలిలో పుట్టిన చక్రపాణి, బి. నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థ తరఫున దీన్ని నిర్మించారు. దర్శకుడు కె.వి. రెడ్డి. ఆ బొమ్మ దక్కాలంటే సాహసవంతుణ్ణి బలివ్వాలి. నేపాళ మాంత్రికుడు అందుకే కథానాయకుడైన తోటరాముణ్ణి వెంట తీసుకెళ్తాడు. సంగతి పసిగట్టిన రాముడు మాంత్రికుణ్ణే బలిచ్చేస్తాడు. అక్కడితో పీడ వదిలిందా? చచ్చినవాడు మళ్లీ బతికొచ్చి, బొమ్మను కాజేసి, రాజకుమారినే మాయం చేస్తాడు. చివరికి రాముడి నేస్తం అంజిగాడు ఉపాయం పన్ని వాడి గడ్డం తీయించాకే బొమ్మ చేతికొస్తుంది!

వెన్నులో వణుకు పుట్టించడంలో జాకబ్స్‌దే పైచేయి. మాంత్రికుడి విషయంలో మాత్రం ఆ పాత్ర వేసిన మన ఎస్వీ రంగారావుకు సాటి లేదు.