దూబగుంట చెప్పిన చదువు పాఠం

చదువు చెప్పే పద్ధతి గురించి మాట మొదలైతే మన దగ్గర ఎప్పుడూ రెండు వాదాలే వినిపిస్తాయి. అక్షరాలు దిద్దించాలి, గుణింతాలు వల్లె వేయించాలి, అప్పుడే పునాది గట్టిపడుతుందని ఒకరంటారు. బట్టీ పట్టించడం పాతకాలపు పని, నేర్చుకునేవాళ్ళ బతుకులోంచే పాఠం పుట్టాలని ఇంకొకరంటారు. బీఈడీ పుస్తకాల్లో ఈ రెండు దారులకూ ప్రవర్తనావాదం, నిర్మాణవాదం అని బరువైన పేర్లున్నాయి. ఈ తగువు తేల్చుకోవడానికి విదేశీ ప్రయోగశాలల దాకా పోనక్కర్లేదు. నెల్లూరు తీరాన ఉన్న బోగోలు నుంచి పడమరకు వెళ్తే కలిగిరి మండలం వస్తుంది. ఆ మండలంలోని దూబగుంటలోనూ, జిల్లాలోని వందలాది ఊళ్ళలోనూ 1990ల మొదట్లో నడిచిన రాత్రిబళ్ళు ఈ రెండు వాదాల్నీ ఒకేసారి పరీక్షకు పెట్టాయి. వాటిని జాగ్రత్తగా గమనిస్తే తేలేది ఇదీ: తన బతుకుకు సంబంధించిన పాఠమైతే మనిషి చదువుకు దగ్గరవుతాడు, కానీ ఆ చదువు చేతిలో నిలవాలంటే రోజూ వాడుకునే చోటు ఉండాలి. ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని పట్టుకున్న ప్రతిసారీ మనం సగం పనే చేస్తున్నాం.

జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా పేరు తెచ్చుకోవడంతో మిగతా రాష్ట్రాల జిల్లాలూ అదే బాట పట్టాయి. నెల్లూరులో ఆ కార్యక్రమం పేరు అక్షరదీపం. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తలు, అధికారులు కలిసి పనిచేశారు. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలతో, నాటికలతో జనాన్ని కూడగట్టాయి. జీతం లేని వాలంటీర్లు రాత్రిపూట చదువు చెప్పారు. మూడు వాచకాలు, సుమారు 200 గంటల బోధన, వాచకంలోనే అభ్యాసాలూ పరీక్షలూ: మిషన్ దేశమంతటికీ గీసిన నమూనా ఇది. ఇంతవరకు ఇది సర్కారు పథకమే. పగలంతా కూలి చేసి, ఇంటికొచ్చి వండి వార్చి, అప్పుడు పలక పట్టుకున్న ఆడవాళ్ళు అందులోకి తమ ప్రశ్నను తీసుకొచ్చాకే కథ మలుపు తిరిగింది.

ఆ ప్రశ్న సారా. పొద్దంతా నాట్లేసి సంపాదించిన కూలి సాయంత్రానికి ప్యాకెట్లకు పోయేది, పైగా ఇంట్లో తన్నులు. చదవడం నేర్చినవాళ్ళ కోసం తయారైన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం సరిగ్గా ఈ బాధనే ముందు పెట్టింది. పాఠం చదివాక చర్చ మొదలైంది, చర్చ సారా దుకాణం దాకా నడిచింది. దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. వాళ్ళలో ఒకరైన రోశమ్మ తర్వాత రాష్ట్రమంతా తెలిసిన పేరైంది. చదువు పద్ధతి గురించి ఆలోచించేవాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సింది ఆ తర్వాతి అడుగు. దూబగుంటలో జరిగింది 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా మళ్ళీ వాచకంలోకి ఎక్కింది. ఒక ఊరి వాళ్ళు చేసిన పని పక్క ఊరి వాళ్ళకు చదువుకునే పాఠమైంది. 1992లో ఆడవాళ్ళు జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చి రెండేళ్ళకే సడలిపోయింది.

బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే ఈ దారిని అంతకు చాలా ముందే సిద్ధాంతంగా చెప్పాడు. 1963లో ఆంజికోస్ అనే ఊళ్ళో సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పిన ప్రయోగం ఆయన్ని ప్రసిద్ధుణ్ణి చేసింది. మరుసటి ఏడు వచ్చిన సైనిక ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టి, దేశం విడిచిపోయేలా చేసింది. ఆయన పద్ధతిలో మొదటి మెట్టు నేర్చుకునేవాళ్ళ నోట నిత్యం మెదిలే మాట. ఇటుకకు పోర్చుగీసులో వాడే 'తిజోలో' అనే మాట తీసుకుని ముందు ఆ ఇటుక చుట్టూ ఉన్న పనీ కూలీ ఇల్లూ గురించి మాట్లాడించేవాడు. ఆ తర్వాత మాటను ముక్కలు చేసి త, తె, తి, తొ, తు అంటూ పట్టీ వేసేవాడు. తెలుగువాడికి ఇది కొత్తేమీ కాదు, అచ్చంగా మన గుణింతమే. బోగోలు తీరంలో 'వల'తో మొదలుపెట్టామనుకోండి. వ, ల గుణింతాలు రెండూ పలక మీద పెడితే చాలు, వెల, వేలు, వీలు, వాలు, లావు, విలువ అన్నీ చదవగలిగే మాటలైపోతాయి. వల గురించి మాట్లాడినవాళ్ళు చేపల వెల దాకా వస్తారు, వెల నుంచి దళారి దాకా వెళ్తారు. ఇక్కడ వల్లె వేయడమూ ఉంది, అర్థమూ ఉంది. గుణింతం తప్పు కాదు, దాన్ని ఏ మాటా లేకుండా గాలికి వేలాడదీయడమే తప్పు.

ఒక్క పాఠం ఉద్యమాన్ని పుట్టించిందా, ఇది అతిశయోక్తి కాదా అని అడగవచ్చు. అడగాల్సిందే. కూలి డబ్బు సారాకు పోవడం, ప్రభుత్వ ఖజానా సారా ఆదాయం మీద నడవడం, స్వచ్ఛంద సంస్థలు, కొందరు అధికారుల అండ, పార్టీల లెక్కలు, ఇవన్నీ కారణాలే. కోపం పాఠానికి ముందే ఉంది. కానీ అప్పటిదాకా అదే కోపం రాష్ట్రంలోని ఎన్నో ఊళ్ళలో ఇళ్ళలోనే ఉండిపోయింది. నెల్లూరులో రాత్రిబడి ఆడవాళ్ళకు రోజూ ఒకచోట కూర్చునే వీలిచ్చింది, నలుగురి ముందు తమ కష్టాన్ని చెప్పుకునే మాటలిచ్చింది. విద్యా మనస్తత్వ శాస్త్రం చెప్పేదీ ఇదే. అప్పటికే తెలిసినదానికి అతికితేనే కొత్త విషయం మనసులో పడుతుందని డేవిడ్ ఆసుబెల్ 1968లో రాశాడు. ఆ ఆడవాళ్ళకు అన్నిటికంటే బాగా తెలిసిన విషయం సారా.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది: ఇలాగైతే బడి ప్రచారవేదిక కాదా? తేడా ఒకచోట ఉంది. తేలాల్సిన మాట ముందే చెప్పి నేర్చుకునేవాళ్ళ చేత పలికిస్తే అది ప్రచారం, ప్రశ్న ముందుపెట్టి తేల్చుకోవడం వాళ్ళకే వదిలితే అది చదువు. వాచకం కష్టాన్ని ముందు పెట్టింది, ఆ తర్వాత ఏ రోజు ఏ దుకాణం దగ్గరికి వెళ్ళాలో తేల్చుకుంది ఆ ఊరి ఆడవాళ్ళే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అక్షరాల సంగతే. వేలిముద్ర మాని సంతకం నేర్చిన చాలామంది కొన్నేళ్ళకు సంతకం దగ్గరే ఆగిపోతారు. ఇందులో వింత లేదు. నేర్చినది తిరగేయకపోతే ఎంత త్వరగా జారిపోతుందో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపాడు. గుణింతాలు, ఒత్తులు కలిసి తెలుగు లిపిలో గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. అవి కంటికి అలవాటు కాకపోతే మనసంతా అక్షరాన్ని పోల్చుకోవడానికే పోతుంది, అర్థానికి చోటు మిగలదు. ఇక్కడే అభ్యాసవాదుల మాట నెగ్గుతుంది. నెల్లూరు అనుభవం దీనికీ ఒక జవాబు చూపింది. సారా ఉద్యమం వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. పాసుపుస్తకం, తీర్మానాల రిజిస్టరు, అప్పు లెక్క: ఎవరూ హోంవర్కు ఇవ్వకపోయినా అక్షరాలకు రోజువారీ పని దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీల అక్షరాస్యత 1991లో 32.7 శాతం, 2001లో 50.4 శాతం, 2011లో 59.1 శాతం. ఈ పెరుగుదలంతా రాత్రిబళ్ళ చలవే అనలేం, ఆ తరం పిల్లలు బడికి వెళ్ళడం అందులో పెద్ద భాగం. కానీ పెద్దల చదువుకు వాడుక అనే ఆసరా ఎంత అవసరమో పొదుపు సంఘాల అనుభవం చెబుతుంది.

ఇది పెద్దల సంగతి, పిల్లలకు వర్తించదని కొట్టిపారేయలేం. వయసును బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని గుంపులు చేసి నేర్పే ప్రథమ్ సంస్థ పద్ధతి ఉత్తరాది రాష్ట్రాల్లో జరిగిన పరీక్షల్లో మంచి ఫలితాలిచ్చింది. అందులోనూ ఉన్నది ఈ రెండే: పిల్లవాడు ఉన్నచోటు నుంచి మొదలుపెట్టడం, కథ చదివించి మాట్లాడించి రోజూ సాధన చేయించడం. చిన్నపిల్లలకు చదవడం, లెక్కలు వచ్చి తీరాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్, పెద్దల కోసం 2022–27 కాలానికి పెట్టుకున్న ఉల్లాస్ కార్యక్రమం, రెండూ పుస్తకాలు, యాప్‌లు, శిక్షణ తరగతులు లెక్కపెట్టుకుంటాయి. అవి కావాలి, చాలవు. జువ్వలదిన్నె రేవు ఉన్న బోగోలు మండలంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఏటా వస్తుంది. ఆ రోజుల భృతి దరఖాస్తు, తుపాను హెచ్చరిక, వేలంలో చేపల ధర చీటీ, డీజిల్ బిల్లు, ఇవి అక్కడి పెద్దలకు వాచకం కాగలవు. అవే కాగితాలు ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించడం పిల్లలకు సాధన కాగలదు. కొత్త పద్ధతి తెచ్చామని చెప్పేవాళ్ళను మనం అడగాల్సినవి రెండు ప్రశ్నలు: ఈ పాఠం ఎవరి అవసరంలోంచి వచ్చింది? రేపు పొద్దున దీన్ని ఎక్కడ వాడతారు? రెంటికీ జవాబు లేని పద్ధతికి ఎంత గొప్ప సిద్ధాంతం పేరు తగిలించినా దాని మీద డబ్బు పెట్టడం దండగ.