మెసేజి ఇంతసేపు యాడ తిరిగింది?



మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న యానాది కాలనీ. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. పోయిన సంవత్సరం దీపావళికి నేను ఇంటికి పోయినప్పుడు ఒక సంగతి జరిగింది. మా నాయన, మామ చీకటితోనే రొయ్యలకు పోయినారు. నాయన ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి తలగుడ్డలో పెట్టుకున్నాడు. పొద్దెక్కేసరికి గాలి లేచింది, వాన పట్టుకుంది. అమ్మ కట్ట మీదనే నిలబడి ఉంది. మధ్యాహ్నానికి ఇద్దరూ వణుకుతా వచ్చినారు. వల పోయింది. ఇంటి దగ్గరికి వచ్చినాక ఫోను టింగుమంది. నేను చదివినాను. ఈరోజు గాలివాన వస్తుంది, వేటకు పోవద్దు అని ఉంది. పంపిన టైము తెల్లవారి 6 గంటలు.

"పొద్దున పంపిన మాట ఇంతసేపు యాడ తిరుగుతా ఉండింది?" అని అమ్మ అడిగింది. నాకు తెలియలేదు. బడికి వచ్చి సైన్సు మేడమ్‌ని అడిగినాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

1. ఆకాశం నుంచి రాదు

శ్రీహరికోట నుంచి రాకెట్లు పోవడం మేము ఇంటి ముందు నిలబడి చూస్తాము. అందుకే ఫోను మాటలు శాటిలైట్ నుంచి దిగుతాయని మా కాలనీలో అందరూ అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. కానీ మన మామూలు ఫోను దగ్గరున్న టవర్‌తో మాట్లాడుతుంది. ఆ టవర్ నుంచి మాట ఎక్కువగా నేలలో పూడ్చిన సన్నటి గాజు తీగల్లో వెలుగుగా మారి దూరం ఊళ్లకు పోతుంది.

శాటిలైట్ పని వేరే. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి పోయిన ఇన్‌శాట్-3డీఎస్ పైనుంచి మేఘాలను చూస్తుంది. అట్లాంటి ఫొటోలు చూసి వాతావరణ శాఖ వాళ్లు తుఫాను సంగతి చెబుతారు. మబ్బును చూసేది ఆకాశంలో, మనకు కబురు వచ్చేది నేల మీద.

2. ఫోనుకు తెలిసినవి రెండే

ఫోనుకు అక్షరాలు రావు. సున్నా, ఒకటి, ఈ రెండే వచ్చు. అందుకని ప్రతి అక్షరానికి ఒక నంబరు పెట్టినారు. ఇంగ్లీషు మొదటి పెద్ద అక్షరం 'ఏ' నంబరు 65. దాన్ని ఏడు గడుల్లో 1000001 అని రాస్తారు. ఆ గడుల విలువలు 64, 32, 16, 8, 4, 2, 1. ఒకటి ఉన్న గడులు కూడితే 64 + 1 = 65.

ఒక్క మెసేజిలో 1120 గడులు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి 7 గడులు చాలు. 1120ని 7తో భాగిస్తే 160 అక్షరాలు. మన తెలుగు అక్షరాల నంబర్లు మూడు వేలు దాటినాక వస్తాయి. 'అ' నంబరు 3077. ఏడు గడుల్లో పట్టదు, 16 గడులు కావాలి. 1120ని 16తో భాగిస్తే 70. అంటే తెలుగు మెసేజికి సగం చోటు కూడా లేదు!

ఇంకో సంగతి. 'స్త్రీ' మనకు ఒకటే అక్షరం. ఫోను దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరుగా లెక్కపెడుతుంది. మెసేజి 70 దాటితే ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు వరస నంబరు వేసి పంపుతుంది. ఆ నంబరుకు కూడా చోటు కావాలి కదా, అందుకని ముక్కకు 67 మాత్రమే పడతాయి. అవతల ఫోను వాటిని వరసగా కలుపుతుంది.

ఇంటర్నెట్‌లో ఫొటో పోయేది కూడా ముక్కలుగానే. మన గోడపత్రికను చింపి, ముక్కలకు నంబర్లు వేసి, ఒక్కొక్కరి చేతికిచ్చి భోజనశాలకు పంపినట్టు. ఒకరు రాకపోతే ఆ నంబరు ముక్క మళ్లీ పంపమని అడుగుతారు.

3. గాలిలో దారి

టవర్‌కు, ఫోనుకు మధ్య తీగ లేదు. రేడియో తరంగాలు ఉన్నాయి. అవి వెలుగుతో సమానంగా సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. మరి అంత వేగంగా పోయే మాట మా నాయనకు మధ్యాహ్నం దాకా ఎందుకు రాలేదు?

దారిలో ఆలస్యం కాలేదు. అసలు బయలుదేరనే లేదు.

టవర్ మాట కొంత దూరమే వినిపిస్తుంది. ఆ మేరను సెల్ అంటారు, సెల్‌ఫోన్ పేరు అట్లా వచ్చింది. 2జీ టవర్‌కు ఎంత మంచి చోటైనా సాధారణంగా 35 కిలోమీటర్లు హద్దు. అడ్డం ఉంటే ఇంకా తక్కువ. ఫోను కూడా టవర్‌కు జవాబు చెప్పాలి. 2జీ చేతి ఫోను బలం ఎక్కువలో ఎక్కువ 2 వాట్లు, 9 వాట్ల బల్బులో నాలుగో వంతు కూడా కాదు. దూరం పోయేకొద్దీ ఆ మాట టవర్‌కు వినబడదు. మా నాయన ఉన్నచోట అదే జరిగింది.

4. హాజరు పట్టీ

మన వార్డెన్ మేడమ్ దగ్గర హాజరు పట్టీ ఉన్నట్టే ఫోను కంపెనీ దగ్గర కూడా ఒకటి ఉంటుంది. ప్రతి ఫోను "నేను ఈ చోట ఉన్నాను" అని అప్పుడప్పుడు చెబుతుంది. మన ఆఫీసుకు ఒక అమ్మాయి పేరున ఉత్తరం వస్తే, ఆమె ఇంటికి పోయి ఉంటే ఏం చేస్తారు? దాచిపెట్టి వచ్చినాక ఇస్తారు. మెసేజి కూడా అంతే. ముందు ఒక కేంద్రానికి పోతుంది. ఫోను అందకపోతే అక్కడ ఆగుతుంది. ఫోను మళ్లీ సిగ్నల్‌లోకి వచ్చినప్పుడు ఇస్తుంది. కొన్ని రోజులు చూసి, రాకపోతే తీసేస్తుంది.

అమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇదే. మాట యాడా తిరగలేదు. నాయన కోసం కూర్చుని ఉండింది.

ఇంకో పద్ధతి ఉంది, సెల్ బ్రాడ్‌కాస్ట్. ఉత్తరం మాదిరి కాదు, ప్రార్థనలో మైకు మాదిరి. నంబర్లు చూడకుండా టవర్ కింద ఉన్న ఫోన్లకు ఒకేసారి చెబుతుంది. 2023లో మన దేశంలో దీన్ని పరీక్ష చేసినప్పుడు చాలా ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగినాయి. కానీ మైకు వినబడనంత దూరంలో ఉంటే ఇదీ అందదు. 2022 అక్టోబర్ 1న మన దేశంలో 5జీ మొదలైంది. వేగం ఎంత పెరిగినా టవర్ అందనిచోట అన్ని జీలూ ఒకటే.

5. మేము చేసింది

సిగ్నల్ ఉన్నా మా నాయనకు చదవడం రాదు. అందుకే సంక్రాంతికి పోయినప్పుడు తలుపు పక్కన బొగ్గుతో పెద్దగా మూడు మాటలు రాసినాను. గాలి, వాన, తుఫాను. నాయన ఇప్పుడు నీళ్లలోకి పోయేముందు కట్ట మీద సిగ్నల్ ఉన్నచోట కొంచెంసేపు నిలబడతాడు. మెసేజి వస్తే అమ్మ ఫోనును గోడ దగ్గర పెట్టి అక్షరాలు పోల్చి చూస్తుంది. మొన్న వార్డెన్ మేడమ్ ఫోనులో మాట్లాడినప్పుడు "వాన కనిపెట్టినాను, మీ నాయన్ని పోనీలేదు" అని చెప్పింది. మీ ఇళ్లలో కూడా రాసి చూడండి.

ఆట: ఏడుగురు వరసగా నిలబడండి. చింతగింజ అంటే ఒకటి, రాయి అంటే సున్నా. 1000010 పట్టుకుంటే ఏ ఇంగ్లీషు అక్షరం? జవాబు వచ్చే సంచికలో.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని