సీసాల్లో మాంసం నిల్వ చేయాలంటే ముందు పొయ్యి సంగతి చూడండి

ఆవకాయ పెట్టడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. షోలాపూర్‌లో ఉన్నా, బరంపురంలో ఉన్నా, హోసూరులో ఉన్నా వేసవి వచ్చిందంటే జాడీలు కడిగి ఎండబెట్టే అలవాటు తరాలుగా పోలేదు. ఉప్పు, పులుపు, నూనె కలిసి ఊరగాయను కాపాడతాయి. అందులో నిప్పుతో పెద్దగా పని లేదు.

ఇప్పుడు మన వంటిళ్లలోకి మరో పద్ధతి వస్తోంది. మాంసం, చేపలు, కూరగాయల్ని గాజు సీసాల్లో నింపి, ఆవిరి ఒత్తిడిలో ఉడికించి, ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిల్వ ఉంచే ప్రెషర్ కానింగ్ అది. అమెరికాలో ఇది పాత అలవాటే. హాస్టల్లో ఉన్న పిల్లలకు ఇంటి మాంసం పంపొచ్చు కదా అని మనకూ ఆశ పుడుతుంది. ఆశ మంచిదే. కానీ ఇక్కడ పొరపాటు జరిగితే ఊరగాయకు బూజు పట్టినట్టు కంటికి కనిపించదు.

కారణం క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా. దాని సిద్ధబీజాలు మరిగే నీళ్లలో చావవు. గాలి చొరని సీసాలో, పులుపు లేని ఆహారంలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషానికి రంగు, వాసన, రుచి లేకపోవచ్చు. తిన్నవారికి చూపు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగలేకపోవడం మొదలై, ఊపిరి ఆడే కండరాలదాకా వెళ్తుంది. ఈ బీజాల్ని చంపడానికి సుమారు 116 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, అది కూడా చాలాసేపు. ఎముకలు తీసిన మాంసం ముక్కలున్న అర లీటరు సీసాలకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సమయం 75 నిమిషాలు, లీటరు సీసాలకు 90. చేపలకైతే అర లీటరు సీసాకే 100 నిమిషాలు.

అన్నిసేపు ఒత్తిడి ఒక్కసారి కూడా కిందికి పడకూడదు. 60వ నిమిషంలో పడితే మళ్లీ ఒత్తిడి ఎక్కించి లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టాలి. మిగిలిన 15 నిమిషాలు కానిస్తే సరిపోతుందనుకోవడం పనికిరాదు. పైకీ కిందికీ ఊగుతూ ఉంటే మరో నష్టం, సీసాల్లోని రసం బయటికి లాగేసుకుంటుంది. అందుకే ఎలాంటి పాత్ర కొనాలన్న ప్రశ్న కంటే ముందు, గంటన్నరసేపు తడబడకుండా ఒకే సెగ ఇవ్వగల పొయ్యి మన ఇంట్లో ఉందా అని అడుక్కోవాలి.

మన ఇళ్లలో ఉన్నవాటిలో మామూలు గ్యాస్ స్టవ్ దీనికి బాగా సరిపోతుంది. మంట కంటికి కనిపిస్తుంది, పిసరంత తగ్గించినా పెంచినా వెంటనే పనిచేస్తుంది. ఆపగానే వేడి ఆగిపోతుంది. అయితే సీసాలు, నీళ్లతో కలిపి పాత్ర బరువు 15 కిలోలు దాటుతుంది. గాజు పలక ఉన్న స్టవ్ మీద అంత వెడల్పు పాత్ర గంటన్నర కూర్చుంటే, వేడి కిందికి కొట్టి గాజు పగిలే ప్రమాదం ఉంది. స్టీలు స్టవ్, గట్టి ఇనుప కాళ్లు ఉన్నది మేలు. సిలిండర్ సంగతి మరీ ముఖ్యం. సగం వాడిన సిలిండర్‌తో మొదలుపెట్టొద్దు. నిండు సిలిండర్ తగిలించి ఈ పని కానిచ్చి, పాతది రోజువారీ వంటకు వాడుకోండి. మధ్యలో గ్యాస్ అయిపోతే 75 నిమిషాల శ్రమ గంగలో కలిసినట్టే.

పెళ్లి వంటలవాళ్ల పెద్ద బర్నర్ తెచ్చి పెరట్లో పెడితే త్వరగా అవుతుందని కొందరి ఆలోచన. గంటకు 12,000 బీటీయూలు, అంటే సుమారు మూడున్నర కిలోవాట్లు మించిన మంట అల్యూమినియం కానర్ అడుగును వంచేయగలదని తయారీదారులే హెచ్చరిస్తారు. పైగా ఆరుబయట గాలి వీస్తే మంట ఒక పక్కకు ఒరిగి ఒత్తిడి నిలవదు.

కట్టెల పొయ్యి మీద వండిన మాంసం రుచి మాకూ తెలుసు. కానీ ఈ పనికి అది వద్దు. మంట తగ్గించాలంటే కట్టె లాగాలి, లాగినా నిప్పులు కాగుతూనే ఉంటాయి. ఒత్తిడి మీదున్న అంత బరువును పొయ్యి మీంచి దింపడం కంటే ప్రమాదం ఇంకొకటి ఉండదు.

ఇండక్షన్ విషయం కొంచెం చిక్కు. అడుగున అయస్కాంతం అతుక్కోని అల్యూమినియం పాత్ర దాని మీద వేడే ఎక్కదు. వేడెక్కే పాత్ర ఉన్నా, చాలా చవక స్టవ్‌లు తక్కువ సెగలో ఆగుతూ వెలుగుతూ పనిచేస్తాయి. కొన్ని నిర్ణీత సమయం దాటితే తమంతట తామే ఆగిపోతాయి. కరెంటు పోతే సరేసరి. ఉత్త నీళ్లతో గంటన్నర నడిపి, ఒత్తిడి కదలకుండా నిలబడిందని చూశాకే సీసాలు పెట్టాలి.

ఇక్కడ మనం ఉన్న ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. చెన్నై, యానాం, బరంపురం సముద్ర తీరానికి దగ్గరి నేలలు. అక్కడ 10 పౌండ్ల వెయిట్ చాలు. సముద్ర మట్టానికి 1,000 అడుగులు దాటితే 15 పౌండ్ల వెయిట్ వేయాలి. సుమారు 1,500 అడుగుల ఎత్తున్న షోలాపూర్, బళ్లారి, 3,000 అడుగుల దగ్గరున్న బెంగళూరు, హోసూరు, కొరాపుట్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ముల్లు ఉన్న గేజ్ అయితే 2,000 అడుగుల వరకు 11, ఆ పైన 4,000 వరకు 12 పౌండ్లు. చెన్నైలో ఉన్న అక్క చెప్పిన కొలత బెంగళూరు చెల్లెలికి పనికిరాదన్నమాట.

ఇంట్లో పప్పు వండే కుక్కర్‌తోనే కానివ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. పరీక్షించిన సమయాలు పెద్ద కానర్ మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వేడిని కూడా కలుపుకుని వేసినవి. విజిల్ వచ్చిన ప్రతిసారీ ఒత్తిడి పడిపోతుంది కూడా. విజిళ్ల లెక్క అన్నానికి, పప్పుకు మాత్రమే.

మూత బిగించాక వెయిట్ పెట్టకుండా 10 నిమిషాలు ఆవిరి ధారగా పోనివ్వాలి. లోపల గాలి మిగిలితే ఒత్తిడి ఉన్నా వేడి తక్కువే. సమయం పూర్తయ్యాక పొయ్యి ఆపి, పాత్రను కదపకుండా అక్కడే వదిలేయాలి. కుక్కర్ మీద చన్నీళ్లు పోసే అలవాటు ఇక్కడ సీసాలు పగలగొడుతుంది.

యానాం పులస పులుసును సీసాలో పట్టి పంపాలనుకునేవారికి ఒక మాట. చింతపండు, మసాలా, నూనె ఉన్న మన పులుసులకు ఎవరూ పరీక్షించి చెప్పిన సమయం మాకు తెలిసి లేదు. చేప ముక్కల్ని విడిగా ఉప్పుతో సీసాలో పట్టి, పులుసు తినేరోజే పెట్టుకోవడం మంచిది. ఆ సీసా తెరిచాక కూడా పది నిమిషాలు తెర్లనిచ్చి, బెంగళూరు లాంటి ఎత్తున్న ఊళ్లలో మరో మూడు నిమిషాలు కలిపి, అప్పుడు విస్తట్లో వడ్డించండి.